పిక్కల కళ్లం పక్కన అడుగు కాలువ

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ రెండో వారంలో, కాశీబుగ్గ శివార్లలో కట్టబోయే ఒక చిన్న డయాలసిస్ కేంద్రానికి వాననీటి కాలువ డిజైన్ చేసే పని నా మీద పడింది. అప్పుడు నేను టెక్కలి సబ్ డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరును. మామూలుగా ఇంత చిన్న పనికి అసిస్టెంట్ ఇంజినీరు ఎస్టిమేటు తయారుచేస్తాడు, నేను సరిచూసి సంతకం పెడతాను, పైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే మా ఈఈ గారు, సాంకేతిక మంజూరు ఇస్తారు. ఆ ఏడాది అసిస్టెంట్ ఇంజినీరు పోస్టు ఖాళీ. కనుక తయారుచేసిందీ నేనే, సరిచూసిందీ నేనే. ఈఈ గారు నా సంతకం చూసి లోపలి పేజీలు తిప్పకుండానే మంజూరు చేశారు. ముప్పయ్యారేళ్ల సర్వీసు ఉన్నవాడి లెక్క ఎవరు తిప్పి చూస్తారు?

స్థలం ముప్పయి సెంట్లు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. తీరం ఊళ్లనుంచి జనం వారానికి రెండు మూడుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. ఆ యంత్రాలకు శుద్ధిచేసిన నీళ్లు పంపే ఆర్వో గది భవనం వెనక ఉంది. అసలు భవనం నేలకు అడుగున్నర ఎత్తున లేచింది గానీ, ఆర్వో గదిని ప్లానులో తర్వాత చేర్చడంవల్ల దాని గచ్చు నేలకు అర అడుగు ఎత్తులోనే ఆగింది. మోటార్లన్నీ అక్కడే. నేను వేయాల్సిన కాలువ ఆ గదికీ వెనక ప్రహరీకీ మధ్యనుంచి వెళ్లాలి.

వాననీటి కాలువ లెక్క వినడానికి పెద్దదిగా ఉంటుంది గానీ మూడు సంఖ్యల గుణకారమే. ఎంత నేలమీద పడిన వాన మన కాలువలోకి దిగుతుంది, ఆ వాన గంటకు ఎంత, పడినదాంట్లో ఎంత భాగం ఇంకిపోకుండా పారుతుంది. మొదటిది టేపుతో కొలుస్తాం. రెండోది పాత వానల పట్టికల్లో దొరుకుతుంది. మూడోది పారుదల గుణకం. దాన్ని ఇంజినీరు నేలను చూసి నిర్ణయించాలి. ఇసుక నేలైతే పదింట రెండు వంతులు, సిమెంటు గచ్చయితే పదింట తొమ్మిది. మా చదువులో చూపు మీద ఆధారపడే అంకె ఇదొక్కటే. నేను పుట్టిపెరిగింది ఉద్దానంలో. ఆ అంకె విషయంలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని నా ధీమా.

స్థలానికి ఎగువన, వాలు మీద, వరసగా మూడు జీడిపిక్కల కళ్లాలున్నాయి. మూడూ కలిపి ఎకరన్నర. పెద్దది దాలమ్మ గారిది, మిగతా రెండూ ఆవిడ మరుదులవి. పెత్తనం మాత్రం ఆవిడదే. ఏప్రిల్లో పిక్కల కాలం కదా, మూడు కళ్లాలనిండా అరచేయి మందాన పిక్కలు ఎండుతున్నాయి. అంచుల్లో బస్తాలు, ఆ బయట బెత్తెడు మందాన ఎర్ర ఇసుక. వర్క్ ఇన్‌స్పెక్టర్ చలపతి కొలత కర్ర పట్టుకుని అంచు వెంట నడిచాడు, నేను లెవెల్ యంత్రంలోంచి చూసి రాసుకున్నాను. లోపలికి మేం అడుగు పెట్టలేదు. మా వైపు కళ్లంలోకి చెప్పులతో వెళ్లరు, తినే వస్తువు మీద కాలు పెట్టినట్టు చూస్తారు. చెప్పులు విప్పుదామా అంటే మిట్టమధ్యాహ్నం, ఎర్రటి ఎండ, పైగా పిక్క జిడ్డు తగిలితే అరికాలు బొబ్బలెక్కుతుంది. చిన్నప్పుడు మా కళ్లం కూడా ఇసుక మీద పేడ అలికిందే. పిక్కల కింద ఉన్నదీ అదే అనుకున్నాను. గుణకం పదింట రెండు అని రాశాను.

లెక్క సెకనుకు నలభై ఏడు లీటర్లు తేలింది. అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ దానికి సరిపోతుంది, పైన కాస్త ఖాళీ కూడా మిగులుతుంది. ఆగస్టులో కేంద్రం తెరిచారు. కాలువ గోడల పూత నున్నగా వచ్చిందని నేనే కాంట్రాక్టరును మెచ్చుకున్నాను.

అక్టోబరు మొదట్లో తనిఖీకి వెళ్లాను. పని పూర్తయిన రెండేళ్లలో ఏ లోపం కనిపించినా కాంట్రాక్టరే సరిచేయాలి, అందుకని మేం అప్పుడప్పుడు వెళ్లి చూసి రావాలి. అప్పుడే ఒక జల్లు పడి వెలిసింది. కాలువ గట్టు మీద ఎర్రన్న అనే రోగి తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. నౌపడ అవతల తీరంలో చేపల వేట మీద బతికిన మనిషి, చేతులు సన్నగా అయిపోయాయి గానీ గొంతు మాత్రం ఇంకా పడవ మీంచి పిలిచినట్టే ఉంది. కాలువలో నీళ్లు చూపించి, "ఇంత సినుక్కే ఇన్ని నీలొచ్చినాయేటి బాబూ?" అన్నాడు.

చూశాను. జానెడు నీళ్లు. ఆ జల్లుకు రెండు వేళ్ల నీళ్లు కూడా రాకూడదు. ప్రహరీ మీంచి తొంగిచూశాను. కళ్లం ఖాళీగా ఉంది. దాలమ్మ గారి కోడలు పొడుగు చీపురుతో నీళ్లు తోస్తోంది. నీళ్ల కింద సిమెంటు గచ్చు నిగనిగలాడుతోంది. కళ్లం చుట్టూ పిక్కలు దొర్లిపోకుండా అర అడుగు గట్టు, కింది మూలన ఒక తూము. ఆ తూములోంచి నీళ్లు ధారగా వచ్చి నేరుగా నా కాలువలో పడుతున్నాయి. పక్క కళ్లాలు రెండూ అంతే. ఈ గచ్చు ఎప్పుడు చేయించారమ్మా అని అడిగాను. "నాలుగేళ్లయింది బాబూ. ఇసకలో ఆరబెడితే పిక్కకి మట్టంటుకుంటందని కంపెనీవోలు తీసుకుంటం లేదు" అంది ఆ అమ్మాయి.

బస్టాండు దగ్గర టీ కొట్లో కూర్చుని కవరు వెనక లెక్క మళ్లీ వేశాను. పదింట రెండు కొట్టేసి పదింట తొమ్మిది రాశాను. సెకనుకు నూట ముప్పయ్యయిదు లీటర్లు. నా కాలువ అంచుదాకా నిండి పారినా అరవై అయిదు దాటదు. మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతాయో లెక్క వేయనక్కర్లేదు. పక్కనే అర అడుగు ఎత్తున ఆర్వో గది గచ్చు. ఆ గదిలోకి నీరు చేరితే మోటార్లు ఆగుతాయి, మోటార్లు ఆగితే లోపల డయాలసిస్ ఆగుతుంది.

వెంటనే ఈఈ గారికి ఉత్తరం రాయాలి. రాశాను, చించేశాను. మర్నాడు మళ్లీ రాశాను, అదీ చించేశాను. చార్జిమెమో వస్తుంది, రిటైర్మెంటు దగ్గర పడింది, సర్వీసంతా ఒక్క మచ్చ లేదని చెప్పుకునే నోటితో ఏం చెప్పుకోను? ఆ భయం ఒకటి. పొద్దున లేస్తూనే తూర్పున మబ్బు ఉందా అని చూడటం రెండోది. వాన పడకూడదని కోరుకునే ఇంజినీరు ఎంత దిగజారినవాడో నాకు తెలుసు, అయినా కోరుకున్నాను. ఈ ఏడాదికి గట్టెక్కితే వచ్చే బడ్జెట్‌లో ఏదో మరమ్మతు పేరుతో కాలువ వెడల్పు చేయించేద్దామని కూడా ఒక ఆలోచన వచ్చింది. దాచడానికి నాకు నేను పెట్టుకున్న ముద్దుపేరు అది. అలా పదకొండు రోజులు నోరు మూసుకున్నాను.

పన్నెండో రోజున బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారిందని, మర్నాడు సాయంత్రానికి మన తీరం దాటుతుందని కబురు వచ్చింది.

తుఫాను వస్తే ఉద్దానంలో ముందు కూలేవి చెట్లు. కొబ్బరి, జీడి, పనస అడ్డంగా పడి నాలుగైదు రోజులు దారులు మూసుకుపోతాయి. డయాలసిస్ రోగికి అన్ని రోజులు ఆగడమంటే ప్రాణం మీదకు రావడమే. అందుకని కేంద్రం హెడ్ నర్సు తీరం రోగులందరికీ ఫోన్లు చేసి, తుఫాను దాటేలోగా వచ్చి చేయించుకుపొమ్మంది. మర్నాడు పొద్దున ఏడింటికి ఒక జట్టు, పదకొండింటికి రెండో జట్టు. రెండో జట్టులో పది మంది, వాళ్లలో ఎర్రన్న ఒకడు. వాళ్లు లేచేది మూడింటికి.

నేనూ చలపతీ తొమ్మిదింటికి అక్కడికి చేరాం. కాలువ అప్పటికే ముప్పాతిక వంతు పారుతోంది. పదకొండు దాటాక గాలి తిరిగింది, వాన చిక్కబడింది. పన్నెండున్నరకు నీళ్లు అంచు ముట్టాయి. ఆర్వో గది గుమ్మానికి ఇసుక మూటలు వేశాం. కానీ గోడ అడుగున పైపులకోసం వదిలిన కన్నాలున్నాయి, వాటిని ఆ వానలో మూసే దారి లేదు. ఆ పూట చలపతితో మొదటిసారి నిజం చెప్పాను, కళ్లాలు ఇసుకనుకుని లెక్క వేశానని. అతను నా మొహంలోకి చూశాడు. "ఆరోజే సెప్దామనుకున్నాను సార్. తవరు ఉద్దానపోలు గదా, తవరికి తెల్దేటి అనుకుని ఊరుకున్నాను" అన్నాడు.

పడే వానను ఆపలేం. కాలువను అప్పటికప్పుడు పెంచలేం. మూడో దారి ఒక్కటే, నీళ్లు కాలువకు చేరడం ఆలస్యం చేయడం. కళ్లాలకు అర అడుగు గట్లున్నాయి. తూములు మూసేస్తే మూడు కళ్లాలూ మూడు చెరువులవుతాయి, గంటన్నర పాటు నీళ్లను పట్టి ఉంచగలవు. కానీ దాలమ్మ గారి గొడౌను ఆ కళ్లానికి కింది అంచునే ఉంది. దాని గడప కళ్లం గట్టుకంటే రెండు వేళ్లు తక్కువ. లోపల ఆ ఏడాది పిక్కల నిల్వంతా ఉంది. పిక్క తడిస్తే బూజు పడుతుంది, బూజు పట్టిన పిక్కను ఎవరూ కొనరు.

వానలో ఆవిడ ముందు నిలబడి విషయమంతా చెప్పాను. ప్రభుత్వ పని, ప్రజల క్షేమం లాంటి మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసి, తప్పు నాది, కాలువ సగమే కట్టించాను అన్నాను. ఈఈ గారికంటే ముందు ఆ ముక్క విన్నది ఆవిడే. ఆవిడకు అరవై ఏళ్లుంటాయి, మాట కటువు. కోడలిని కేకేసి ఖాళీ గోనెలు తెమ్మంది. నాకేసి తిరిగి, "నీరు నా గడప ముట్టిందంటే గోనెలు పీకీస్తాను. అప్పుడు నువ్వు నోరిప్పకు బాబూ. నా పిల్లల తిండి అందులోనే ఉన్నాది" అంది. సరేనన్నాను. ఆవిడ అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు.

నలుగురం కలిసి అంచున ఉన్న ఎర్ర ఇసుకనే గోనెల్లో నింపి మూడు తూములూ మూసేసరికి ఒంటిగంట దాటింది. పది నిమిషాల్లో కాలువలో నీరు నాలుగు వేళ్లు తగ్గింది. ఆవిడ గొడౌను గడప మీద పీట వేసుకుని కూర్చుంది. నేను ఆర్వో గది గోడ మీద నీటి మట్టానికి గుర్తుగా బొగ్గుతో గీత గీసి అక్కడ నిలబడ్డాను. కరెంటు పోయింది, జనరేటరు అందుకుంది. ఆ రెండు క్షణాల చీకట్లో లోపల ఎవరో గట్టిగా దేవుణ్ణి పిలిచారు. నేను మనసులో పిలిచాను. భవనం వెనక కిటికీలోంచి నాకు ఎర్రన్న పక్క కనిపిస్తోంది. చేతికి గొట్టాలు, కళ్లు పైకప్పు మీద. బయట ఎంత నీరుందో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. భయం అంటే ఏమిటో ఆ కిటికీ దగ్గర నేర్చుకున్నాను. మన తప్పు వచ్చి మనల్ని కొట్టడం కాదు, మన కళ్లెదుట ఉన్న ఇంకొకళ్లను కొట్టబోవడం.

రెండూ ఇరవైకి కోడలు తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "నీరు గడప ముట్టింది. మా అత్త అడగమంది, లోపల ఇంకా ఎంతమందున్నారని."

పది మందీ ఉన్నారు, ఇంకా నలభై నిమిషాలు పడుతుందని చెప్పాను. ఆ పిల్ల వెనక్కి వెళ్లింది. నేను కాలువ కేసి చూస్తూ నిలబడ్డాను. గోనెలు పీకితే నీళ్లన్నీ ఒక్కసారి వస్తాయి. ఆవిడకు మాట ఇచ్చాను కనుక బతిమాలడానికి కూడా వెళ్లకూడదు. చేతి గడియారం చూశాను. అయిదు నిమిషాలైంది. పదైంది. కాలువలో నీరు పెరగలేదు. పావుగంటకు ఉండబట్టలేక ప్రహరీ మీంచి చూశాను. దాలమ్మ గారు పీట మీద లేరు. అత్తాకోడళ్లు ఇద్దరూ గొడౌను లోపల, కింది వరస బస్తాలను లాగి పై వరసల మీదకు ఎత్తడానికి తంటాలు పడుతున్నారు. ఒక్కో బస్తా ఎనభై కేజీలు. చలపతిని అటు పంపాను. గోనెల జోలికి ఎవరూ పోలేదు.

మూడుకు మూడు నిమిషాల ముందు హెడ్ నర్సు తలుపు తీసి, అందరూ లేచారు అంది. చివర లేచినవాడు ఎర్రన్నే. నేను పరుగెత్తుకెళ్లి పెద్ద కళ్లం తూములోంచి గోనె నా చేత్తోనే లాగేశాను. నీళ్లు ఒక్క ఊపున దూకాయి. కాలువ పొంగింది. పది నిమిషాల్లో ఆర్వో గదిలో చీలమండ లోతు నీరు చేరింది, మోటార్లు రెండూ మునిగాయి. నా లెక్క ఎంత తప్పో అప్పటిదాకా కవరు మీద చూశాను, ఇప్పుడు కళ్లారా చూశాను. ఆ నీరు ముప్పావుగంట ముందు వచ్చి ఉంటే ఆ పది మందీ సగంలో లేచి, మూసుకుపోబోయే దారుల్లో ఇళ్లకు పోయేవారు.

మోటార్లు బాగుచేయించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ తీరం దారులు చెట్లు పడి మూసుకుపోయే ఉన్నాయి. అయిదో రోజున దారి తెరిచాక పది మందీ మళ్లీ వచ్చారు. హెడ్ నర్సు రిజిస్టరులో ఒక్కొక్క పేరుకు ఎదురుగా టిక్కు పెడుతుంటే పక్కన నిలబడి పదీ లెక్కపెట్టుకున్నాను.

తుఫాను దాటిన మూడో రోజున ఎండ వచ్చింది. నేనూ చలపతీ కళ్లానికి వెళ్లాం. కింది వరసలో పందొమ్మిది బస్తాలు తడిశాయి. తడిసిన పిక్కకు నష్టపరిహారం ఇచ్చే దారి మా రూల్సులో లేదు. నా చేతినుంచి ఇస్తానంటే దాలమ్మ గారు మొహం తిప్పుకున్నారు. చెప్పులు గట్టు బయట వదిలి లోపలికి వెళ్లి, ఆ పిక్కల్ని గచ్చు మీద పలచగా పరవడానికి చేయి వేశాను. ఎండకు గచ్చు అప్పుడే కాలుతోంది. రెండడుగులు వేసేసరికి, కళ్లు మూసుకున్నా చెప్పగలను, ఇది ఇసుక కాదని. ఆవిడ నా కాళ్ల కేసి చూసింది.

"ఆరోజు ఇలాగే సెప్పులిప్పీసి లోపలికొత్తే నానేటైనా అంటానా బాబూ?" అంది.

ఆ సాయంత్రమే ఈఈ గారికి ఉత్తరం రాశాను. చించలేదు. గుణకం ఎందుకు తప్పు పడిందో, తెలిశాక అన్ని రోజులు ఎందుకు చెప్పలేదో రెండూ రాశాను. చార్జిమెమో వచ్చింది. మొదటి తప్పుకు సంజాయిషీ అంగీకరించారు. రెండోదానికి అభిశంసన, అంటే మందలింపును సర్వీసు రిజిస్టరులో రాయడం. సబబే. కాలువ పగలగొట్టి అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతుతో మళ్లీ కట్టారు, ఆర్వో గది గచ్చు ఒక అడుగు లేపారు. ఆ డిజైన్ పక్క డివిజన్ ఇంజినీరు చేత సరిచూపించమని నేనే అడిగాను.

తర్వాత మిగిలిన సర్వీసులో ఏ స్థలానికి వెళ్లినా, పై నేలంతా నడిచాకే గుణకం రాశాను. అంచున నిలబడి మర్యాద పాటించానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను. అది నిజం కాదు. మర్యాద తెలిసినవాడు చెప్పులు విప్పి లోపలికి వెళ్తాడు. నేను ఎండకు జడిసి వెళ్లలేదు.